నిలబడేవాళ్ళ బరువు

సుక్మా జిల్లా దక్షిణపు కొసన, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఒక వాగుంది. వానాకాలం నాలుగు నెలలూ అవతలి ఊరిని ఇవతలి రోడ్డుకు దూరం చేస్తుంది. దానిమీద నడకకు సరిపడా ఒక చిన్న ఇనుప బ్రిడ్జి కట్టించాలని ఒక సేవా సంస్థ అనుకుంది. డిజైన్ పని మా ఆఫీసుకు వచ్చింది. ఆఫీసంటే జగదల్‌పూర్‌లో మందుల షాపు పైన రెండు గదులు, మొత్తం నలుగురం, అందులో ఇంజినీరుగా చేరిన అమ్మాయిని నేను. నడిపేది సార్. ఆయనది రాయ్‌పూర్ వైపు, హిందీ తప్ప ఇంకో భాష రాదు.

నేను కిరండూల్ టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగాను. నాన్న గనిలో ఫిట్టరు. ఇంట్లో కోస్తా తెలుగు, గుమ్మం దాటితే హిందీ. వాగు అవతలి ఊళ్ళో ఉండే దోర్ల గిరిజనులు తెలుగు మాట్లాడతారని తెలిసి సార్ సర్వేకు నన్నే పంపారు. "నీకైతే భాష వచ్చు, వాళ్ళు నీతో మనసు విప్పి మాట్లాడతారు" అన్నారు. మాట్లాడారు కూడా. ఆ విషయంలో లోటేమీ జరగలేదు.

జీపు ఒకచోట ఆగిపోయింది. అక్కణ్ణుంచి రాళ్ళదారిలో గంట నడక. వాగు అవతలి గట్టు మీద మొదటి ఇల్లు ఒకావిడది. యాభై ఏళ్ళుంటాయి. నేను ఇవతల నిలబడి బూట్లు విప్పాలా వద్దా అని ఆలోచిస్తుంటే, ఆవిడే నీళ్ళలోకి దిగి వచ్చి ఏ రాయి మీద కాలు పెట్టాలో చూపిస్తూ నన్ను దాటించింది. ఇంటికి తీసుకెళ్ళి జావ పోసింది. నేను పెద్దమ్మా అన్నాను, ఆవిడ బిడ్డా అంది. ఆ రోజంతా అలాగే పిలుచుకున్నాం.

"రోజూ ఎంతమంది దాటుతారు పెద్దమ్మా?" అనడిగాను.

"ఇయ్యాల ఏం దాటుతరు? అంగడి రోజు చూడాలె. శుక్రారం రా."

శుక్రవారం నాకు జీపు లేదు. ఆ మంగళవారమే గట్టు మీద కూర్చుని, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా దాటినవాళ్ళని లెక్కపెట్టుకున్నాను. ఆవిడ పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, అడక్కుండానే ఒక మాట చెప్పింది.

"బ్రిడ్జి అయితే దారి వెడల్పు చేస్తరంట. అప్పుడు సేఠ్ బండి ఆ గట్టుదాకా వస్తది. కాంటా ఆడనే పెడతడు. మేం ఈడి నుంచి పోయి ఆడనే తూపిచ్చుకుంటం. ఇంత దూరం నెత్తిన మోసేది తప్పుతది."

సేఠ్ అంటే ఏటా కాంటాతో వచ్చి, ఊరి చింతపండు తూచి కొనుక్కునే వ్యాపారి. ఆ మాట నాకు నచ్చింది, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తిరిగొచ్చాక సంస్థకు ఇచ్చిన ప్రతిపాదనలో, ఊరికి కలిగే లాభాల కింద దాన్ని ఒక మంచి వాక్యంగా పెట్టాను. సార్ ఆ పేజీ చదివి బాగుందన్నారు.

ఇక డిజైన్ గురించి చెప్పాలి. ఈ పని తెలియనివాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను, ఎందుకంటే నా తప్పు ఇందులోనే ఉంది.

ఇలాంటి బ్రిడ్జిలో రెండు పక్కలా రెండు ట్రస్‌లు నిలబెడతాం. ఇనుప కడ్డీలను త్రికోణాలుగా బిగిస్తే వచ్చేదే ట్రస్. పైన ఒక వరుస, కింద ఒక వరుస, మధ్యలో ఏటవాలు కడ్డీలు. ఆ గంట నడక దారిలో ఇనుమంతా మనుషుల భుజాల మీదే రావాలి. అందుకని ఏ ముక్కనైనా ఇద్దరు మోయగలిగేలా ఉండాలని సార్ షరతు పెట్టారు. నా దగ్గరున్న ప్రోగ్రాం ఆ పనే చేస్తుంది. ఏ కడ్డీ మీద ఎంత భారం పడుతుందో చూసి, అవసరానికి మించి ఉన్న ఇనుమునంతా చెక్కేస్తుంది. మళ్ళీ లెక్కేస్తుంది, మళ్ళీ చెక్కుతుంది. చివరికి ఏ కడ్డీలోనూ మిగులు ఉండదు. అది చూస్తుంటే ముచ్చటగా ఉంటుంది. నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుందని ఒప్పుకోవాలి.

కానీ భారం ఎక్కడ పడుతుందో దానికదిగా తెలియదు. మనం చెప్పాలి. బ్రిడ్జి నిండా జనం ఉంటే, గాలి పక్కనించి కొడితే, వరదలో దుంగ వచ్చి తగిలితే, ఇలా ఒక్కో సందర్భాన్నీ ఒక్కో వరుసగా రాసి ఇవ్వాలి. మనం రాయని సందర్భం ఆ ప్రోగ్రాం దృష్టిలో ప్రపంచంలోనే లేదు.

బ్రిడ్జి నిండా జనం ఉన్నప్పుడు నడిమధ్య ఏటవాలు కడ్డీలకు పెద్దగా పని ఉండదు. రెండు వైపుల బరువూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటుంది. ఒక సగం మీదే జనం కిక్కిరిసి, రెండో సగం ఖాళీగా ఉన్నప్పుడే వాటికి కష్టం. ఈ సంగతి కాలేజీలో మూడో ఏడాదిలోనే చెబుతారు. నాకు తెలియక కాదు.

దంతెవాడలో సంస్థవాళ్ళతో మీటింగు జరిగిన రోజుకి నేనింకా ఆ సగం సందర్భాన్ని పూర్తిగా చూడలేదు. అప్పటిదాకా తేలిన ఇనుము బరువును తెర మీద చూపించాను. ఇంత తేలికా అని వాళ్ళు ఆశ్చర్యపోయారు. ఒకాయన, ఇదే నమూనా మిగతా ఊళ్ళకూ వాడుకుందామన్నాడు. సార్ నా వైపు చూసి తల ఊపారు. తిరుగు ప్రయాణంలో గీదం దగ్గర టీ తాగుతూ, "ఈ బ్రిడ్జి నీదే" అన్నారు.

రెండు రోజుల తర్వాత ఆఫీసులో ఆ వరుస రాసి చూశాను. సగం బ్రిడ్జి మీద జనం నెత్తిన బరువులతో ఒత్తుగా నిలబడితే ఏమవుతుందని. నడిమధ్య ఎనిమిది కడ్డీలు ఎర్రగా కనిపించాయి, అంటే అవి ఆ భారం మొయ్యలేవు. వాటిని లావు చెయ్యాలి. లావు చేస్తే నేను మీటింగులో చెప్పిన అంకె పెరుగుతుంది. ఎంతో కాదు, ఇద్దరు మనుషులు అదనంగా రెండు విడతలు నడిస్తే మోసెయ్యగల ఇనుము.

ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. ఎవరూ భయపెట్టలేదు. దాటడానికేగా బ్రిడ్జి, దానిమీద ఎవరు నిలబడతారు అనుకున్నాను. ఆ వరుస తీసేశాను. తెర మీద ఎరుపు పోయింది. లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చి, డ్రాయింగులు ప్రింటు తీశాను.

ఇనుము మోసింది ఊరివాళ్ళే. కట్టేటప్పుడు నేనూ ఉన్నాను. ఒకతను పొడవాటి కడ్డీని ఒక్కడే ఎత్తి భుజాన వేసుకుని, ఇది ఇనుమా వెదురా అని నవ్వాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నట్లు బిగించడం పూర్తయ్యాక పెద్దమ్మ మొదట నడిచింది. మధ్యలో ఆగి, కింద నీళ్ళ వైపు చూసి, "చెప్పులు తడవకుండ దాటుడు ఇదే మొదలు" అంది.

ఆ వానాకాలం బ్రిడ్జి బాగా నిలబడింది. వరదకు ఏమీ కాలేదు. దారి వెడల్పు చేశారు. ఇవతలి గట్టుదాకా పికప్ బండ్లు రావడం మొదలైందని విన్నాను.

తర్వాతి ఎండాకాలం, చింతపండు రోజుల్లో, ఒక ఉదయం ఆఫీసులో ఉండగా ఆ ఊరి బడి మాస్టారు నా ఫోనుకు ఫోటో పంపారు. మొదట ఏమిటో అర్థం కాలేదు. బ్రిడ్జి నడిమధ్య ఒక పక్కకు వాలిపోయి ఉంది. ఒక ఏటవాలు కడ్డీ విల్లులా వంగి బయటికి పొడుచుకొచ్చింది. కింద నీళ్ళలో గోనెసంచులు. ఆ వంగిన కడ్డీ ఏదో నాకు ఫోటో పెద్దది చేసి చూడకముందే తెలిసిపోయింది.

జరిగింది ఇది. సేఠ్ బండి ఇవతలి గట్టుకు వచ్చింది. బ్రిడ్జి చివర మూడు కర్రలు పాతి కాంటా వేలాడదీశారు. ఊరివాళ్ళు సంచులతో వరసలో నిలబడ్డారు. వరస కాంటా దగ్గర మొదలై బ్రిడ్జి మధ్యదాకా సాగింది. ఇవతలి సగం నిండుగా, అవతలి సగం ఖాళీగా. అలా చాలాసేపు నిలబడ్డారు, ఎందుకంటే తూకం నెమ్మదిగా సాగుతుంది. ఉన్నట్టుండి కాళ్ళ కింది పలకలు వాలాయి. ఏడుగురు నీళ్ళలో పడ్డారు. నీళ్ళు తక్కువే, కానీ రాళ్ళు. ప్రాణాలు పోలేదు. ఎక్కువ దెబ్బ తగిలింది పెద్దమ్మకి. కుడి మోచెయ్యి విరిగింది.

నేనూ సారూ ఆ మర్నాడు వెళ్ళాం. ఆయన బ్రిడ్జి కింద వంగి వంగి తిరిగి చూశారు. బోల్టులు చూశారు, ఇనుము నాణ్యత చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. జీపెక్కాక నన్నడిగారు.

"లెక్క సరిగ్గానే ఉందిగా?"

"ఉంది సార్" అన్నాను.

అంతే. ఇంకో ప్రశ్న వెయ్యలేదాయన. నా మాట మీద ఆయనకు అంత నమ్మకం.

సంస్థకు రిపోర్టు రాయమన్నారు. కొలతల కోసం పాత ఫైలు తీశాను. ప్రతిపాదనలో లాభాల పేజీ కనిపించింది. 'వ్యాపారి కాంటా వంతెన చివరకే వస్తుంది కనుక మహిళలకు మోత బరువు తగ్గుతుంది.' నా వాక్యమే. ఊరివాళ్ళు ఎక్కడ నిలబడబోతున్నారో ఏడాది ముందే నాకు తెలుసనడానికి నా చేత్తో నేనే సాక్ష్యం రాసుకున్నాను. దాన్ని చదివి కూడా, ఫైలు మూసి, రిపోర్టులో ఇలా రాశాను. 'పరిమితికి మించిన సంఖ్యలో ప్రజలు బరువులతో ఒకేచోట గుమిగూడడం వల్ల నష్టం జరిగింది.' అందులో అబద్ధమైన పదం ఒక్కటీ లేదు. సార్ చదివి సంతకం పెట్టారు.

పెద్దమ్మను జగదల్‌పూర్ ఆస్పత్రికి తెచ్చారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. బత్తాయిలు తీసుకెళ్ళాను. చెయ్యికి భుజందాకా కట్టు కట్టి ఉంది. నన్ను చూడగానే లేచి కూర్చోబోయింది. నేను వద్దన్నాను. మంచం పక్కన నేల మీద ఆవిడ కోడలు కూర్చుని ఉంది.

పెద్దమ్మ నా ముఖంలోకి చూడకుండా అంది. "నీ బ్రిడ్జి పాడు చేసినం బిడ్డా. ఏమనుకోకు. అందరం ఒక్కసారి ఎక్కకుండ ఉండాల్సింది."

ఆ నిమిషంలో చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "అలా అనకు పెద్దమ్మా, ముందు నీ చెయ్యి బాగుపడాలి" అన్నాను. అది దయగా వినిపించింది. కోడలు నన్ను కృతజ్ఞతగా చూసింది. బయటికొచ్చి ఆటో ఎక్కాను. సంజయ్ మార్కెట్ దాకా వచ్చి, ఇంటికి కావలసిన కూరలు కొనకుండానే వెళ్ళిపోయాను.

వంగిన కడ్డీలు తీసి అదే సైజువి కొత్తవి వేయించారు. గట్టు మీద హిందీలో ఒక బోర్డు పెట్టారు. ఒకేసారి పదిమంది కంటే ఎక్కువ ఎక్కరాదు, బరువులతో ఆగరాదు. ఆ మాటలు కూడా నేనే రాసిచ్చాను.

తొలకరి వానలు పడ్డాక బోల్టులు పరీక్షించి రమ్మని సార్ పంపారు. ఒక్కదాన్నే వెళ్ళాను. వాగు దగ్గరికి వస్తుంటే మనుషుల మాటలు వినిపించాయి. బ్రిడ్జి మీద ఎవరూ లేరు. దాని పక్కన, నీళ్ళలో, ఆరేడుగురు ఆడవాళ్ళు నెత్తిన బుట్టలతో దాటుతున్నారు. నీళ్ళు తొడలదాకా ఉన్నాయి. ముందు నడిచే ఆమె కర్రతో లోతు చూస్తోంది. ఆ వరసలో పెద్దమ్మ కోడలు కూడా ఉంది.

నేను బ్రిడ్జి మీద నడుస్తూ అవతలికి వెళ్ళాను. వాళ్ళు కింద, నేను పైన. అంత సిగ్గుతో నడిచిన నడక నాకింకొకటి లేదు.

పెద్దమ్మ ఇంటి ముందు కూర్చుని ఉంది. కట్టు విప్పేశారు. మోచెయ్యి సగం వంగి అలాగే ఉండిపోయింది, పూర్తిగా చాపలేకపోతోంది.

"బ్రిడ్జి ఉండగా వాళ్ళు నీళ్ళలో ఎందుకు దాటుతున్నారు పెద్దమ్మా?"

"ఊరంతా కూసోని అనుకున్నం. ఉత్త చేతులతోని అయితే ఎక్కాలె, బరువుంటే వాగుల దిగాలె అని. మళ్ళ పాడైతే మళ్ళ ఎవరు కట్టిస్తరు?"

నేను ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. తప్పు మీది కాదు, నాది అన్నాను. సేఠ్ కాంటా అక్కడ పెడతాడని నువ్వు ముందే చెప్పావు, రాసుకున్నాను, అయినా మధ్య కడ్డీలు సన్నగానే ఉంచాను అన్నాను. ఆవిడ వాగు వైపు చూసింది. విషయం అర్థం కాలేదేమో అనుకుని మళ్ళీ చెప్పబోయాను.

"తెలిసింది" అంది. "ఎందుకు సన్నగ పెట్టినవ్?"

"తేలిగ్గా ఉండాలని. మోయడానికి."

"మోసింది మేం గదా. ఇంత బరువైతదని మమ్మల్నేమన్న అడిగినవా?"

"లేదు."

"అడుగుతే మోస్తమంటుంటిమి." అంది. మళ్ళీ, "ఎంత బరువైతుండె?" అని అడిగింది.

ఇద్దరు మనుషులు రెండుసార్లు అదనంగా నడిస్తే సరిపోయేదని చెప్పాను. ఆవిడ ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని కూర్చుంది. కోపపడి ఉంటే నాకు తేలికయ్యేది. కోపపడలేదు.

"ఈ మాట నాతోని చెప్తే ఏముంది? ఊళ్ళె చెప్పు" అంది.

సాయంత్రం పనుల నుంచి అందరూ వచ్చాక, ఊరి మధ్య పందిరి కింద చెప్పాను. నా తెలుగు కొన్ని చోట్ల వాళ్ళకు తెలియకపోతే పెద్దమ్మే తన మాటల్లో మళ్ళీ చెప్పింది. నా తప్పును ఆవిడ నోటివెంట వినడం కష్టంగా ఉండింది. ఆవిడ దేన్నీ తగ్గించలేదు, పెంచలేదు. కొంతమంది వాళ్ళలో వాళ్ళు గొణుక్కున్నారు. నీళ్ళలో పడ్డవాళ్ళలో ఒకతను లేచి వెళ్ళిపోయాడు. ఒక ముసలాయన మాత్రం, "ఇప్పుడు బరువులతోని ఎక్కొచ్చా?" అని అడిగాడు.

"ఇంకా వద్దు తాతా. లావు కడ్డీలు వేసేదాకా వద్దు" అన్నాను.

"అయితే ఈ వానలకి వాగులనే" అని ఆయన మిగతావాళ్ళతో చెప్పాడు.

జగదల్‌పూర్ వచ్చి సార్‌కు చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. "ఆ రిపోర్టు మీద సంతకం నాది" అన్నారు. వారంలోగా సంస్థకు కొత్త ఉత్తరం రాశారు, లెక్కలో లోపం మాదేనని, ఊరివాళ్ళ తప్పేమీ లేదని. నా పేరు రాయలేదు. నేను రాయమన్నాను, ఆయన వినలేదు. ఆ సంస్థ మాకు మళ్ళీ పని ఇవ్వలేదు. మిగతా ఊళ్ళ బ్రిడ్జిలు ఇంకెవరో చేస్తున్నారు. ఆ పనుల కోసమే డ్రాయింగులు గీయడానికి చేరిన డ్రాఫ్ట్స్‌మన్‌కు మా దగ్గర పని లేకపోయింది. అతను భిలాయ్ వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో అతనికి తెలుసు, నాతో చెప్పకుండానే వెళ్ళాడు.

అప్పట్నించి సార్ నేను రాసిన సందర్భాల జాబితాను వరుస వరుసగా వేలు పెట్టి చదువుతారు. నేను ఎదురుగా కూర్చుని ఉంటాను. ఆయన ఒక్కో వరుస దగ్గర ఆగినప్పుడల్లా నేనూ ఆ వరుసను మనసులో మళ్ళీ లెక్కేస్తాను. ఇది ఎన్నాళ్ళు సాగుతుందో తెలియదు. ఆపమని అడిగే మొహం నాకు లేదు.

వానలు తగ్గాక కొత్త కడ్డీలు వచ్చాయి. ఎనిమిది. ఊరివాళ్ళే మళ్ళీ మోశారు. ఒకదాని కొసను నేనూ పట్టుకున్నాను. సగం దారిలోనే భుజం దిగలాగి దించేశాను. నా వెనకున్నామె ఆ కొసను అందుకుంది. పొద్దున మొదలుపెడితే ఎండ ముదరకముందే ఎనిమిదీ వాగు దగ్గరికి చేరాయి. బోర్డు పీకేశారు.

ఈ ఏడు చింతపండు రోజుల్లో నన్నెవరూ పంపలేదు. నేనే శుక్రవారం చూసుకుని వెళ్ళాను. బ్రిడ్జి చివర కాంటా వేలాడుతోంది. సేఠ్ మనిషి చీటీలు రాస్తున్నాడు. ఆడవాళ్ళు సంచులు పక్కన పెట్టుకుని, రెయిలింగుకు ఆనుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. బ్రిడ్జి ఇవతలి సగం నిండి ఉంది. కొత్త కడ్డీలు ఆ బరువుకు రెండింతలు మోస్తాయని నాకు తెలుసు. సార్ కూడా చూశారు. అయినా తలలు లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. లెక్క మధ్యలో తప్పిపోతే మళ్ళీ మొదలుపెట్టాను. వాళ్ళందరూ దిగేదాకా బ్రిడ్జి ఎక్కలేకపోయాను.

అవతల పెద్దమ్మ గోనెసంచి ముందు కూర్చుని ఉంది. ఇప్పుడావిడ బరువు ఎత్తదు. సంచులు నింపడం ఆవిడ పని, మొయ్యడం కోడలి పని. నన్ను చూసి ఎప్పుడొచ్చినవ్ అంది. తిన్నవా అంది. చెయ్యి గురించి నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. ఆ ప్రశ్న ఆవిడను అడగడం ఇంకో బరువు ఎత్తమన్నట్టు ఉంటుందని ఊరుకున్నాను.

సంచి మూతిని ఒక చేత్తో దగ్గరికి పట్టి, తాడు నా వైపు జరిపింది. "ముడి గట్టిగ పడతలేదు. నువ్వు కట్టు" అంది.

కట్టాను. ఆవిడ వేలితో లాగి చూసింది.

"వదులున్నది" అంది.

విప్పి మళ్ళీ కట్టాను.